యువ ఛాతీ డాక్టర్‌కి ఏది మేలు: పతకమా, ప్రయాణమా, పని చేసుకునే టైమా?

ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్ల మీద పనిచేసే యువ డాక్టర్‌ని ఏటా ఒకరిని గుర్తిద్దామని మా బ్యాచ్ వాళ్లం కొంత డబ్బు పోగేశాం. ఏమివ్వాలన్న దగ్గరే మాట తెగలేదు. కొందరు బంగారు పతకమన్నారు, కొందరు విదేశీ కాన్ఫరెన్స్‌కి ఖర్చులన్నారు. నేను మాత్రం డ్యూటీ నుంచి కొంత వెసులుబాటు, ఒక రీసెర్చ్ అసిస్టెంట్ జీతం ఇద్దామంటున్నాను.

పతకాన్ని తేలిగ్గా తీసెయ్యను. టీబీ వార్డులో పనిచేస్తానంటే ఇంట్లో వాళ్లకి ఇప్పటికీ భయమే. "వేరే బ్రాంచే దొరకలేదా?" అని అమ్మ అడుగుతుంది. అలాంటి ఇంటికి శాలువాతో, పేపర్లో ఫోటోతో వచ్చే గౌరవం చిన్నది కాదు. కాకపోతే అది అయిపోయిన పనికే దక్కుతుంది. ఎక్కువ రీసెర్చ్ పేపర్లు వేసినవాళ్లకే వెళ్తుంది కూడా.

కాన్ఫరెన్స్ విలువ ఏమిటో హైదరాబాద్‌కి తెలుసు. ఊపిరితిత్తుల ఆరోగ్యం మీద 'యూనియన్' అనే అంతర్జాతీయ టీబీ సంస్థ జరిపే 50వ ప్రపంచ సదస్సు 2019లో మన హెచ్‌ఐసీసీ కన్వెన్షన్ సెంటర్‌లోనే జరిగింది. ఎవరి పేపర్లు చదివి పెరిగామో వాళ్లే మన పోస్టర్ ముందు ఆగి ప్రశ్న అడిగితే వచ్చే ధైర్యం వేరు. ఆ ధైర్యంతో తిరిగొచ్చాక కూర్చుని పనిచేసే టైమ్ లేకపోతే అది ఎన్నాళ్లు నిలుస్తుంది?

ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రి ఓపీ చూసినవాళ్లకి నా మాట అర్థమవుతుంది. చేతిలో ఎక్స్‌రే కవరు, కళ్లె డబ్బాతో జిల్లాల నుంచి వచ్చినవాళ్లు వరసలో ఉంటారు. సీబీనాట్ మెషీన్ దాదాపు రెండు గంటల్లో టీబీ ఉందో లేదో, రిఫాంపిసిన్ అనే ముఖ్యమైన టీబీ మందుకి లొంగుతుందో లేదో చెప్పేస్తుంది. ఆ రోగి మూడో నెలలో మందులు ఎందుకు మానేశాడో ఏ మెషీనూ చెప్పదు. అది తెలియాలంటే ఫోన్లు చేయాలి, ఇంటికెళ్లి మాట్లాడాలి, అన్నీ రాసిపెట్టుకోవాలి. పొద్దున ఓపీ, ఆపైన వార్డు, మధ్యలో నైట్ డ్యూటీలు చేసే డాక్టర్ ఒక్కడివల్ల అయ్యే పనా అది?

పెద్ద ఫెలోషిప్‌లు లేవా అని అడుగుతారు. ఉన్నాయి. 2008లో మొదలైన డీబీటీ-వెల్‌కమ్ ఇండియా అలయెన్స్ అనే పరిశోధన నిధుల సంస్థ ఆఫీసు ఈ ఊళ్లోనే ఉంది. యువ పరిశోధకులకి అయిదేళ్ల ఫెలోషిప్ ఇచ్చింది. అంతటి పోటీలో నిలబడాలంటే చేతిలో కొంత ప్రాథమిక డేటా ఉండాలి. ఆ మొదటి మెట్టుకే డబ్బు దొరకడం కష్టం. మన చిన్న మొత్తం అక్కడ పనికొస్తుంది.

అయితే ఏమిచ్చినా పేరు మాత్రం పని చేసినవాళ్లదే కావాలి. 1943లో స్ట్రెప్టోమైసిన్‌ని వేరుచేసినప్పుడు ఆల్బర్ట్ షాట్జ్‌కి 23 ఏళ్లు, ఇంకా విద్యార్థి. టీబీకి పనిచేసిన తొలి యాంటీబయాటిక్ అది. కోర్టుకెక్కితే గానీ సహ ఆవిష్కర్తగా ఒప్పుకోలేదు. 1952 నోబెల్ ఆయన గైడ్ వాక్స్‌మన్ ఒక్కరికే వెళ్లింది. అందుకే మన నిధితో చేసిన పనికి మొదటి రచయితగా ఆ డాక్టర్ పేరే ఉండాలని షరతు పెడదాం.

వయసు లెక్క కూడా వద్దంటాను. ఎంబీబీఎస్ ఇంటర్న్‌షిప్‌తో అయిదున్నరేళ్లు, పీజీ మూడేళ్లు, డీఎం (సూపర్ స్పెషాలిటీ) అయితే ఇంకో మూడు. మధ్యలో పిల్లలు పుట్టి ఆగిన అమ్మాయిలకి వయసు పరిమితి పెట్టడం అన్యాయం. పీజీ అయ్యాక పనిచేసిన ఏళ్లు లెక్కపెడదాం, సెలవులు మినహాయించి.

పతకం కావాలన్నవాళ్ల మాటా కాదనను. ఏడాది పని అయ్యాక, అమ్మానాన్నల్ని పిలిచి ఇద్దాం. దరఖాస్తుతో పాటు మాత్రం హెచ్‌ఓడీ (విభాగం హెడ్) సంతకం చేసిన లెటర్ అడగాలి: వారానికి రెండు మధ్యాహ్నాలు ఈ డాక్టర్‌కి డ్యూటీ వేయబోమని. ఆ లెటర్ రాకపోతే డబ్బు విడుదల చేయొద్దు.