అలెప్పీ హౌస్‌బోటులో ఏసీ వేసేలోపు

ఏప్రిల్‌లో కేరళలోని అలెప్పీ వద్దని మా ఆవిడ ముందే అంది. పిల్లలకు సెలవులు అప్పుడే మరి. ఖమ్మం నుంచి విజయవాడ వెళ్లి బొకారో ఎక్స్‌ప్రెస్ రైలు ఎక్కాం, నేరుగా అలెప్పీలో దింపుతుంది.

‘ఏసీ హౌస్‌బోటు’ అని బుక్ చేసిన ఏజెంటు ఆ ఏసీ ఎప్పుడు వేస్తారో చెప్పలేదు. మధ్యాహ్నం బోటెక్కాక తెలిసింది, మాది డీలక్స్ కాబట్టి రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకానే అని. రోజంతా కావాలంటే ప్రీమియం. మాకు చెప్పిన తేడా ఆరు వేలు. వద్దన్నాం.

పగలు ఇబ్బంది లేదు. బోటు కదులుతున్నంతసేపు వేంబనాడు సరస్సు మీది గాలి ముందు వరండాలోకి కొడుతూనే ఉంటుంది, గదిలోకి ఎవరు పోతారు? చిక్కంతా సాయంత్రం అయిదున్నరకి. జాలర్లు వలలు వేసే వేళని బోట్లన్నీ ఒడ్డున కట్టేస్తారు. ఇక గాలి ఉండదు. పగలంతా ఎండ తాగిన గది సెగలు కక్కుతుంది. ఏసీకి ఇంకా మూడున్నర గంటలు.

అమ్మ తువ్వాలు తడిపి కిటికీకి కట్టింది. మా ఖమ్మం వడగాలికి వట్టివేళ్ల తడికెలు కట్టినట్టు. అక్కడ గాలి పొడిగా ఉంటుంది కాబట్టి తడి ఆరుతూ చల్లబరుస్తుంది. అలెప్పీ చుట్టుపక్కల కుట్టనాడు ప్రాంతంలో పొలాలే సముద్రమట్టం కన్నా కిందుంటాయి, ఎటు చూసినా నీళ్లు. తువ్వాలు ఆరనే లేదు, ఉక్క ఇంకా పెరిగింది. ఫ్యాన్ ముందు పెట్టిన ఐసు గిన్నె పిల్లలకు ఆటవస్తువైంది.

సరంగు చూసి నవ్వి, ఒక పాత చాప తెచ్చి పడమటి కిటికీకి బయటివైపు కట్టాడు. లోపల కర్టెన్ వేస్తే అద్దం దాటొచ్చిన వేడి గదిలోనే ఉండిపోతుంది, బయట కడితే అద్దం దాకా రాదు. పొద్దు వాలాక ఎదురెదురు కిటికీలు తెరిచి, మేం తెచ్చుకున్న చార్జింగ్ ఫ్యాన్‌ను ఒక కిటికీలో బయటికి తిప్పి పెట్టాం, లోపలి వేడిగాలిని తోసేసేలా. ఏడింటికల్లా కూర్చోగలిగాం. దోమల మెష్ ఒకచోట చిరిగి ఉంటే టేపు అంటించాం. మెష్ లేని బోటులో ఈ ఉపాయం పనికిరాదు.

మా గది వెనకాల, వంటగదికీ జనరేటరుకీ పక్కన. రాత్రయినా గోడ వెచ్చగానే ఉంది. అమ్మకిచ్చిన మధ్య గది చాలా నయం. కొత్త బోట్లలో కొన్నిటికి తెరుచుకోని పెద్ద అద్దాలు పెడుతున్నారు. ఏసీ నడిస్తే బాగుంటాయి, లేకపోతే పొయ్యే. వెదురు, చాపల కప్పున్న పాత తరహా బోటే ఈ రాత్రి-మాత్రమే ఏసీ బేరానికి మంచిది. కిటికీ తెరుచుకుంటుందా, రాత్రి చెట్ల నీడన కడతారా అని డబ్బు కట్టకముందే అడగండి.

మర్నాడు కాలువ గట్టున పెంకుటిల్లు హోమ్‌స్టేలో దిగాం. పద్దెనిమిది వందలు, ఉత్త ఫ్యానే. చుట్టూ కొబ్బరిచెట్లు. బోటు ఏసీలో కన్నా బాగా నిద్రపట్టింది. అక్కణ్నుంచి కొట్టాయానికి ప్రభుత్వ ఫెర్రీలో వెళ్లాం. టికెట్ చిల్లరతో అయిపోయింది, దారంతా గాలి.

ఈసారి పగలు షికారా అనే చిన్న పడవ, రాత్రి పెంకుటిల్లు అంటోంది మా ఆవిడ. అమ్మ మాత్రం బోటే కావాలంటోంది, మధ్య గది తనకే ఇస్తే.