పరిశోధన గ్రంథం టైపు చేయించిన దుకాణం

శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలికి దగ్గరలో ఉన్న ఒక చిన్న డీటీపీ, బైండింగ్ దుకాణంలో నా పీహెచ్‌డీకి కావలసిన టైపు పనులన్నీ చేయించుకున్నాను. చెరువు నీటి పంపకం నా అంశం. సగం వనరుల అర్థశాస్త్రం, సగం గ్రామీణ సమాజశాస్త్రం కావడంతో ఒకవైపు పట్టికలు, గుణకాలు, మరొకవైపు రైతుల మాటలు ఉన్నవి ఉన్నట్టుగా ఒకే పుటలో రావాలి.

అన్నిటికంటే మెచ్చుకోదగ్గది ప్రశ్నావళి పని. నాగావళి ఆయకట్టు గ్రామం నుంచి వచ్చే అక్కడి టైపిస్టు, ఫారం కొట్టడానికి ముందే నన్ను రెండు ప్రశ్నలు అడిగారు. దిగుబడి బస్తాలలో రాయమన్నారు, బస్తా అంటే 75 కిలోలా, 80 కిలోలా అన్నది మొదటిది. నీటి వనరుల గడులలో కాలువ, చెరువు, బోరు ఉన్నాయి గాని గెడ్డ, అంటే వాగు, ఎందుకు లేదన్నది రెండవది. 1997 నాటి చట్టం కింద ఏర్పడిన నీటి సంఘాల ఆయకట్టు లెక్కలనే నమ్ముకున్న నాకు, గెడ్డకు అడ్డుకట్ట వేసి పొలానికి నీరు మళ్లించుకునే రైతు తట్టనే లేదు. ఉమ్మడి వనరులపై పరిశోధనకు 2009లో నోబెల్ బహుమతి అందుకున్న ఎలినార్ ఆస్ట్రామ్ చెప్పిన మొదటి సూత్రమే, వాడుకదారులెవరో తేల్చే హద్దు స్పష్టంగా ఉండాలని. దానిని మూడుసార్లు ఉదహరించిన నేనే ఫారంలో ఆ హద్దును తప్పుగా గీశాను.

లోపం ఫాంటులతో వచ్చింది. తెలుగు భాగాన్ని వారు ‘అను’ అనే పాత, యూనికోడ్ కాని ఫాంటులలో కొట్టారు. పీహెచ్‌డీ గ్రంథాలను ఆన్‌లైన్‌లో భద్రపరిచే శోధగంగలో చేర్చవలసిన ప్రతి కోసం, ఏ కంప్యూటర్‌లోనైనా చదవగలిగే యూనికోడ్‌లోకి మార్చేసరికి చాలాచోట్ల ఒత్తులు ఎగిరిపోయి, గట్టు కాస్తా గటుగా, మళ్లు మళుగా మిగిలాయి. రైతుల మాటలన్నిటినీ టేపు విని మళ్లీ సరిచూడడానికి నాలుగు రాత్రులు పట్టింది. యూనికోడ్‌లోనే కావాలని మొదటి రోజే చెప్పడం మంచిది. అడిగితే చేస్తారు, అడగకపోతే అలవాటైన దారినే పోతారు.

రెక్సిన్ బైండింగ్ గట్టిగా ఉంది, ధర కూడా ఎక్కువ కాదు. అయితే డబ్బు ఇచ్చే ముందు వెన్ను మీది బంగారు అక్షరాలను ప్రతి ప్రతికీ విడిగా చదువుకోవాలి. నా అయిదింటిలో ఒకదానిపై సంవత్సరం తప్పు పడితే, యజమాని మారుమాట లేకుండా సాయంత్రానికల్లా అట్ట మార్చి ఇచ్చారు.