వెనుక డిస్క్ బ్రేక్ కిట్ కొంటున్నారా? ముందు అందులోని బేరింగు చూడండి

పాత మారుతి ఎస్టీమ్‌లాంటి కార్లను ట్రాక్ కోసం తయారుచేసుకునేవారికి ఈ హెచ్చరిక. వెనుక డ్రమ్ములు తీసేసి డిస్కులు బిగించే కిట్ ఒకటి ఆన్‌లైన్‌లో 'రేసు నాణ్యత' పేరుతో నాకు అంటగట్టారు. డిస్కులకు, వాటిని ప్యాడ్లతో నొక్కి ఆపే క్యాలిపర్లకు వంక పెట్టలేను. చక్రాలను బిగించే హబ్బుల్లో ఎక్కించి పంపిన బేరింగులే నకిలీవి.

చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టై ట్రాక్‌పై కాసేపు బాగానే నడిచింది. తర్వాత కుడి మలుపు దాటి బ్రేకు తొక్కిన ప్రతిసారీ పెడల్ సగం దాకా దిగిపోయేది, వెంటనే మళ్లీ తొక్కితే రాయిలా గట్టిపడేది. చూసినవాళ్లంతా బ్రేక్ ఆయిల్ మరిగిందన్నారు. పోసింది కొత్త డాట్ 4. 230 డిగ్రీలు దాటితే గానీ మరగదు. జాకీ ఎత్తి ఎడమ వెనుక చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే టకటకమంది. బేరింగులో ప్లే వచ్చింది, అంటే వదులైంది. దాంతో మలుపులో డిస్కు వంకరగా ఊగి ప్యాడ్లను, వాటిని నొక్కే పిస్టన్‌ను వెనక్కి నెట్టేస్తోంది. మొదటిసారి తొక్కిన తొక్కంతా ఆ ఖాళీ పూడ్చడానికే సరిపోతోంది.

విప్పి చూస్తే గ్రీజు మసిలా ఉంది, బేరింగు గుండ్లు తిరిగే గాడి నిండా గుంటలు. రింగు మీది పేరున్న కంపెనీ ముద్ర పెట్రోలు గుడ్డతో రుద్దగానే చెరిగిపోయింది!

అమ్మినవాళ్లేమో మా మెకానిక్ బేరింగును ప్రెస్ చేయడంలో, అంటే ఒత్తి ఎక్కించడంలో, తప్పు చేశాడన్నారు. హబ్బులోకి ఎక్కించేటప్పుడు బయటి రింగు మీద కాకుండా లోపలి రింగు మీద ఒత్తితే గాడి దెబ్బతినే మాట నిజమే. కానీ ప్రెస్ చేసి పంపింది వాళ్లే కదా! అది చెల్లకపోయేసరికి ట్రాక్‌పై నడిపితే వారంటీ లేదన్నారు. 'రేసు నాణ్యత' సరుకును కూరగాయల మార్కెట్‌కు వెళ్లడానికి కొంటారా?

బేరింగు లేకుండా హబ్బు ఇమ్మని అడగండి. బేరింగును అధీకృత డీలరు దగ్గర బిల్లుతో కొని, మీ కళ్లముందే ఎక్కించుకోండి. అసలుదో కాదో తేల్చుకోవడానికి ఎస్‌కేఎఫ్, షాఫ్లర్ సంస్థలకు యాప్‌లున్నాయి. ఇంకొకటి: ఈ కిట్‌లో వెనుక బ్రేకుల ఒత్తిడి తగ్గించే వాల్వు లేదు. ముందు చక్రాలతో నడిచే తేలికపాటి కారుకు వెనుక చక్రాలు ముందుగా లాకైతే కారు గిరగిరా తిరుగుతుంది.

డబ్బు తిరిగి రాలేదు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేశాను. ప్రకటనను ఫోటో తీసి దాచుకోబట్టి సరిపోయింది, ఆన్‌లైన్ ప్రకటనలో ఇప్పుడు 'రేసు' అన్న మాటే లేదు.