ఆమ్‌స్టర్‌డామ్‌లో బస: కాలువ ఒడ్డు పాత ఇంట్లో చిన్న గదా, స్టేషన్ పక్కన కొత్త హోటలా?

ఆమ్‌స్టర్‌డామ్‌కి నేను రెండుసార్లు వెళ్ళాను. మొదటిసారి మా ఆయనతో, రెండోసారి అమ్మానాన్నలతో. రెండుసార్లూ దిగింది ఒకే హోటల్లో. కాలువ ఒడ్డున ఉన్న పాతకాలపు ఇంటిని హోటల్‌గా మార్చారు. మొదటిసారి మూడు రాత్రులుండి, వదల్లేక వదల్లేక వచ్చాం. రెండోసారి ఒక్క రాత్రి గడిచాక, తెల్లారగానే సామాను సర్దుకుని స్లోటర్‌డైక్ స్టేషన్ దగ్గరున్న పెద్ద హోటల్‌కి మారిపోయాం. ఇల్లు అదే, మెట్లు అవే, గది కూడా ఇంచుమించు అంతే. వెళ్ళిన మనుషులే వేరు.

అందుకే ఎవరైనా "ఏది మేలు?" అని అడిగితే, గది ఎంత పెద్దదన్నది నేను తర్వాత చూస్తాను. ముందు ఎవరెవరు వెళ్తున్నారు, లిఫ్ట్ ఉందా, లేకపోతే ఎన్ని మెట్లు ఎక్కాలి అని అడుగుతాను.

గది చిన్నదన్నది అబద్ధం కాదు. మేమున్న గది 10 చదరపు మీటర్లు. మన లెక్కలో 12 గజాలు. మంచం పోగా మిగిలిన చోట ఒకరు నడుస్తుంటే రెండోవారు మంచం మీద కూర్చోవాలి. ఒక సూట్‌కేసు తెరిస్తే రెండోది మూసి నిలబెట్టాల్సిందే. బాత్రూమ్‌లో తల తుడుచుకుంటుంటే మోచెయ్యి గోడకి తగిలేది. మొదటి పదినిమిషాలూ "ఇంత డబ్బు పోసి ఈ కొట్టుగదికా వచ్చాం?" అనిపించింది. ఆ మాట మా ఆయన పైకే అన్నారు.

ఆ గది అలా ఎందుకుందో తెలిశాక నా కోపం తగ్గింది. ఈ ఊరు మెత్తటి, నీరు ఊరే నేల మీద కట్టింది. పాత ఇళ్ళన్నీ నేలలోకి దించిన చెక్క దుంగల మీద నిలబడి ఉన్నాయి. డామ్ చౌకులో ఉన్న రాజభవనం ఒక్కదాని కిందే 13,659 దుంగలున్నాయి. 1613 నుంచి హేరెన్‌గ్రాఖ్ట్, కైజర్స్‌గ్రాఖ్ట్, ప్రిన్సెన్‌గ్రాఖ్ట్ అనే మూడు పెద్ద కాలువలు తవ్వి, ఒడ్డు వెంబడి వర్తకులకి స్థలాలు అమ్మారు. సరుకు పడవల్లో వస్తుంది కాబట్టి కాలువ వైపు ఒక్కో అడుగూ బంగారం. పన్ను కూడా ఇంటి ముఖం వెడల్పును బట్టి వేసేవారని చెబుతారు. అందుకే ముందు నుంచి చూస్తే సన్నగా, లోపలికి పోతే పొడవుగా, పైకి ఎత్తుగా కట్టుకున్నారు. ఔడె హోగ్‌స్ట్రాట్ వీధిలో 22వ నంబరు ఇల్లయితే వెడల్పు 2.02 మీటర్లే. బారకి కాస్త ఎక్కువ, అంతే. చేతులు రెండూ బారచాపితే ఈ గోడా ఆ గోడా అందుతాయేమో అనిపిస్తుంది.

ఇల్లు అంత సన్నగా ఉంటే మెట్లకి చోటెక్కడిది? అవి నిచ్చెనలా నిటారుగా లేస్తాయి. మెట్టు మీద సగం పాదమే ఆనుతుంది. వాటి మీదుగా బీరువాలూ మంచాలూ పైకి చేర్చడం కుదరదు కాబట్టి ఇంచుమించు ప్రతి పాత ఇంటి నెత్తిన బయటికి పొడుచుకొచ్చిన ఒక దూలం, దానికి కొక్కెం ఉంటాయి. తాడు కట్టి కిటికీలోంచి సామాను లాగుతారు. పైకి లాగే సరుకు గోడకి కొట్టుకోకుండా చాలా ఇళ్ళ ముఖాలని కాస్త ముందుకి వాల్చి కట్టారు. వీధిలో నిలబడి ఆ వాలు చూశాక, పైనున్న మా ఇరుకు గది కూడా నాకు ఆ ఇంటి కథలో ఒక పేజీలా అనిపించింది. ఈ కాలువల ప్రాంతాన్ని యునెస్కో 2010లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. రక్షిత కట్టడాల్లో గోడ పగలగొట్టి లిఫ్ట్ పెట్టాలంటే యజమాని ఇష్టం ఒక్కటే చాలదు, అనుమతి కావాలి. కాబట్టి "ఇంత డబ్బు తీసుకుంటూ లిఫ్ట్ పెట్టుకోలేరా?" అని హోటల్ వాళ్ళ మీద విసుక్కోవడం న్యాయం కాదు.

అక్కడ ఉండి పొందేది ఏమిటి మరి? నా మటుకు, పొద్దున్న ఆరు గంటల వేళ, రాత్రి పది గంటల వేళ. పగలు ఆ కాలువల వెంట జనం, సైకిళ్ళు, పడవల మోత. మేం వెళ్ళింది జూన్‌లో. అప్పుడు అక్కడ ఐదున్నరలోపే తెల్లవారుతుంది, పొద్దు గుంకేసరికి రాత్రి పది. తెల్లవారుజామున కిటికీ తీస్తే కింద కాలువలో బాతులు తప్ప ఏమీ కదలడం లేదు. నీటి మీద పడ్డ వెలుగు మా గది పైకప్పు మీద అలలు అలలుగా ఆడింది. రాత్రి భోజనమయ్యాక చెప్పులేసుకుని దిగితే చాలు, వంతెన మీద ఉన్నాం. రైలు టైమ్ చూసుకోవక్కర్లేదు. కాళ్ళు నొప్పెడితే గదికి వచ్చి అరగంట పడుకుని మళ్ళీ వెళ్ళాం. ఊరి నడుమ ఉండడంలో ఉన్న సుఖమంతా ఆ అరగంటలో ఉంది. ఊరి బయట హోటల్ తీసుకున్నవాళ్ళు పొద్దున్న బయల్దేరితే రాత్రికే తిరిగొస్తారు, మధ్యలో నడుం వాల్చే చోటుండదు.

ఇంకో సంగతి. ఈ ఇళ్ళు చాలావాటికి ముందొక భాగం, వెనకొక భాగం ఉంటాయి. డైరీ రాసిన యూదు బాలిక ఆన్ ఫ్రాంక్ కుటుంబం నాజీలకి చిక్కకుండా 1942 నుంచి 1944 దాకా దాక్కున్నది ప్రిన్సెన్‌గ్రాఖ్ట్ 263లో అలాంటి వెనక భాగంలోనే. మరో నలుగురితో కలిపి ఎనిమిదిమంది. మేం ఆ ఇల్లు చూసి, ఆ మెట్లెక్కి దిగి, మా 12 గజాల గదికి తిరిగొచ్చాక చాలాసేపు మాట్లాడుకోలేదు. గది ఇరుకని మా ఆయన మళ్ళీ అనలేదు. (ఆ ఇంటి టికెట్లు ఆన్‌లైన్‌లోనే దొరుకుతాయి. ఆరు వారాల తర్వాతి తేదీలకి ప్రతి మంగళవారం పెడతారు. హోటల్ కంటే ముందు అది చూసుకోండి.)

ఇక రెండోసారి. అమ్మకి 67, రెండు మోకాళ్ళూ అరిగాయి. నాన్నకి 72, నడక బాగానే ఉంది గానీ బీపీ మందులతో ఒక్కోసారి కళ్ళు తిరుగుతాయి. నేనేమో నాకు దొరికిన ఆ పొద్దున వాళ్ళకీ దొరకాలని ఆశపడి అదే హోటల్ బుక్ చేశాను. ఈసారి ఇచ్చిన గదులు మూడో అంతస్తులో. నాలుగు పెద్ద సూట్‌కేసులు. అమ్మ మొదటి మలుపు దగ్గరే ఆగి, "ఇవి మెట్లా, నిచ్చెనా?" అంది. రెండో అంతస్తులో మెట్టు మీదే కూర్చుండిపోయింది. ఎలాగో ఎక్కించాం. అసలు ఇబ్బంది పొద్దున్న దిగేటప్పుడు వచ్చింది. ఎక్కడానికి ఊపిరి ఉంటే చాలు. దిగడానికి మోకాళ్ళే కావాలి. అమ్మ మెట్ల పక్కన కట్టిన తాడు పట్టుకుని, పక్కకి తిరిగి, ఒక్కో మెట్టూ దిగుతుంటే నాన్న కింద నిలబడి రెండు చేతులూ చాచి ఉన్నారు, పడితే పట్టుకుందామని. ఆ చేతులు చూశాక నాకు టెన్షన్‌తో నోరు ఎండిపోయింది. టిఫిన్ అవగానే, "అమ్మా, మారిపోదాం" అన్నాను. "డబ్బు పోతుందేమోనే" అంది. పోయింది, రెండో రాత్రి డబ్బు పోయింది. ఆ తప్పు నాదే. బుక్ చేసేటప్పుడు ఏ అంతస్తో అడగలేదు.

స్లోటర్‌డైక్ హోటల్ గురించి చెప్పుకోవడానికి కథేమీ లేదు. లిఫ్ట్ ఉంది. గది 20 చదరపు మీటర్ల పైమాట, అంటే మొదటిదానికి రెట్టింపు. రెండు సూట్‌కేసులు తెరిచిపెట్టినా నడవొచ్చు. ఏసీ ఉంది. పాత ఇళ్ళలో చాలాచోట్ల ఏసీ ఉండదు, ఎండాకాలంలో అటక గది రాత్రి దాకా వేడి కక్కుతూనే ఉంటుంది. అర్ధరాత్రి దిగినా రిసెప్షన్‌లో మనిషి ఉంటాడు. స్కిపోల్ విమానాశ్రయం నుంచి నేరుగా రైలు. ఊరి నడుమనున్న సెంట్రల్ స్టేషన్‌కి ఆరేడు నిమిషాలు. బయట మాత్రం ఆఫీసులు, వెడల్పాటి రోడ్లు, గాలి. సాయంత్రం ఏడు దాటితే నడిచి చూసేదేమీ లేదు. అమ్మానాన్న ఆ నాలుగు రోజులూ రాత్రి తొమ్మిదికల్లా గదిలో ఉన్నారు, కాలువ మీద దీపాలు చూడనే లేదు. అది నాకు ఇప్పటికీ వెలితే. కానీ అమ్మ రోజూ హాయిగా నిద్రపోయింది, పొద్దున్న నవ్వుతూ లేచింది. అరవై దాటిన అమ్మానాన్నలతో వెళ్తుంటే లిఫ్ట్ ఉన్న హోటలే తీసుకోవాలి. ఇందులో నాకు రెండో ఆలోచన లేదు.

డబ్బు మాటకొస్తే తేడా అనుకున్నంత ఉండదు. పన్నులు రెండుచోట్లా ఒకటే. గది ధర మీద నగరం వేసే పర్యాటక పన్ను 2024 నుంచి 12.5 శాతం. హోటళ్ళ మీద వ్యాట్ 2026 జనవరి నుంచి 9 శాతం కాస్తా 21 అయింది. అంటే పన్నులు కలపని ధర 100 యూరోలైతే చేతినుంచి పోయేది 133.50. కొన్ని సైట్లలో పర్యాటక పన్ను చివరి పేజీ దాకా కనపడదు, అక్కడే ఇచ్చుకోవాలి. పైగా స్లోటర్‌డైక్‌లో ఉంటే రోజూ మనిషికి రెండు రైలు ప్రయాణాలు. బ్యాంక్ కార్డు ట్యాప్ చేసి ఎక్కొచ్చు గానీ ఒక కార్డుతో ఒక్కరే వెళ్ళాలి. అమ్మకీ నాన్నకీ విడివిడిగా కార్డులుండాలన్నది నాకు గేటు దగ్గర తెలిసింది. ట్యూలిప్ తోటలు తెరిచే మార్చి చివర నుంచి మే నెల దాకా, ఏప్రిల్ 27న రాజుగారి పుట్టినరోజు పండగకి, ఎక్కడైనా ధరలు మండిపోతాయి. అప్పుడు చిన్న గది చవక అనుకోకండి.

మధ్యేమార్గాలున్నాయి. పక్కపక్కనున్న పాత ఇళ్ళని కలిపి ఒకే హోటల్ చేసినవి ఉన్నాయి. 1970లో మొదలైన పులిట్జర్ హోటల్ ఈనాడు 25 ఇళ్ళలో విస్తరించి ఉంది. అలాంటి వాటిలో లిఫ్ట్ ఉంటుంది గానీ ఖర్చు బాగా ఎక్కువ. ఇళ్ళ అంతస్తులు సమానంగా ఉండవు కాబట్టి నడవాలో నాలుగైదు మెట్లు తగలొచ్చు. ఇంకొకటి, సెంట్రల్ స్టేషన్ వెనక నీళ్ళకి అవతలి ఒడ్డు, నోర్డ్. అక్కడికి పడవ ఉచితం, దగ్గరి రేవుకి ఐదు నిమిషాలు, రాత్రంతా నడుస్తుంది. కొత్త హోటళ్ళు, లిఫ్ట్, అటూ ఇటూ పడవ ప్రయాణం. మళ్ళీ అమ్మానాన్నలతో వెళ్తే నేను అక్కడే దిగుతాను. వంటగది ఉన్న ఇల్లు అద్దెకి తీసుకుందామనుకుంటే ఇంటివాళ్ళు ఏడాదికి ఇన్ని రాత్రులే ఇవ్వాలని, ఒకేసారి నలుగురికి మించి ఉండకూడదని నగరం నియమాలు పెట్టింది. రిజిస్ట్రేషన్ నంబరు లేని ప్రకటన జోలికి వెళ్ళొద్దు. తిండి బెంగ ఉన్నవాళ్ళకి ఒక మాట: పక్కనే ఉన్న ఆమ్‌స్టెల్‌వీన్‌లో మన దేశంవాళ్ళు చాలామంది ఉంటారు, మన సరుకుల కొట్లున్నాయి. రెండు రకాల హోటళ్ళలోనూ గదిలో వండనివ్వరు. మగ్గు మాత్రం ఇంటి నుంచే పట్టుకెళ్ళండి.

ఇద్దరే, మోకాళ్ళు బాగున్నవాళ్ళు, రెండు మూడు రాత్రులకి వెళ్తుంటే కాలువ ఒడ్డు ఇల్లే తీసుకోండి. గది చిన్నదని వెనకాడకండి. తోవలో వేరే ఊళ్ళు కూడా ఉంటే పెద్ద సూట్‌కేసులు సెంట్రల్ స్టేషన్ లాకర్లలో పెట్టి, రెండు జతల బట్టలతో హోటల్‌కి వెళ్ళండి. పిల్లల్ని ఎత్తుకుని వెళ్ళేవాళ్ళు, నాలుగు రోజులకి మించి ఉండేవాళ్ళు మాత్రం లిఫ్ట్ వైపే మొగ్గాలి.

పాత ఇల్లే ఖాయం చేసుకుంటే డబ్బు కట్టేముందు హోటల్‌కి ఒక మెయిల్ పెట్టండి. నా గది ఏ అంతస్తులో ఇస్తారు? వీధి తలుపు నుంచి గది దాకా మెట్లెన్ని? సామాను పైకి చేర్చడానికి మనిషి ఉన్నాడా, ఏ టైమ్ దాకా ఉంటాడు? అటక గదా, కాదా? వెనక తోట వైపు గది ఇవ్వగలరా? ముందు గదికి కాలువ కనిపిస్తుంది, దాంతోపాటు తాగి పాడుకుంటూ పోయేవాళ్ళ గోలా వినిపిస్తుంది. వెస్టర్‌కెర్క్ చర్చి దగ్గరైతే పావుగంటకోసారి గంట మోగుతుంది. పల్చటి నిద్ర ఉన్నవాళ్ళు అదీ అడగాలి. మెట్ల సంఖ్య లెక్కపెట్టి రాసిన హోటల్‌ని నమ్మొచ్చు. "కొన్ని మెట్లుంటాయి" అని మాత్రమే రాస్తే ఇంకో హోటల్ చూసుకోండి.