స్త్రీబీజకణం మీద పరిశోధన: అరబిడాప్సిస్ మంచిదా, వరి మంచిదా?

బెంగళూరులో హెబ్బాళ చుట్టుపక్కల ల్యాబుల్లో చేరే మన తెలుగు పిల్లలు అడుగుతూనే ఉంటారు: పూలమొక్కల్లో స్త్రీబీజకణం (ఫలదీకరణ తర్వాత పిండంగా మారే కణం) తయారీని నడిపే జన్యువులను చదవాలంటే ఏ మొక్క పట్టుకోవాలి? ఆవాల కుటుంబంలోని చిన్న కలుపుమొక్క అరబిడాప్సిసా, వరా?

సమయం: అరబిడాప్సిస్ గింజ నుంచి గింజకు దాదాపు రెండు నెలలు. వరికి మూడు, నాలుగు.

ఖర్చు: అరబిడాప్సిస్‌కు 22 డిగ్రీల గది కావాలి, ఏసీ ఆగితే టెన్షనే. వరికి నెట్‌హౌస్, నీళ్లు ఉంటే గడిచిపోతుంది.

జన్యువు చొప్పించడం: అరబిడాప్సిస్ పూలను అగ్రోబాక్టీరియం (మొక్కలోకి జన్యువును మోసుకెళ్లే బాక్టీరియా) ద్రావణంలో ముంచితే సరి. వరికి కాలస్ (ఇంకా ఏ భాగంగానూ మారని కణాల ముద్ద) పెంచాలి. బూజు పడితే మళ్లీ మొదటికే.

అసలు తేడా మైక్రోస్కోప్ కింద తెలుస్తుంది. అరబిడాప్సిస్ కాయ చీలిస్తే యాభై దాకా అండాలు (గింజలుగా మారేవి) వరసగా ఉంటాయి. పిండకోశానికి (అండంలో స్త్రీబీజకణం ఉండే భాగానికి) తప్పనిసరైన జన్యువు రెండు ప్రతుల్లో ఒకటి చెడితే సగం పచ్చగా ఉబ్బుతాయి, సగం తెల్లగా ముడుచుకుపోతాయి. కూర్చుని లెక్కపెట్టేయొచ్చు. వరి పువ్వులో అండం ఒక్కటే. వంద చూడాలంటే వంద పూలు విప్పాలి, మెడ పట్టేస్తుంది.

అరబిడాప్సిస్‌లో స్పోరోసైట్‌లెస్ జన్యువు చెడితే స్త్రీబీజకణానికి మూలమైన స్థూలసిద్ధబీజ మాతృకణమే ఏర్పడదు. వరిలో ఎంఎస్‌పీ1 జన్యువు చెడితే ఆ మాతృకణం ఒక్కటి ఉండాల్సిన చోట చాలా పుడతాయి! నాకు ఇదే ఎక్కువ ఆసక్తి.

ఫెలోషిప్ రెండేళ్లే అయితే అరబిడాప్సిస్. విత్తనాల వైపు వెళ్లాలనుంటే, ఓపికుంటే వరి. క్షయకరణ విభజనను (క్రోమోజోములు సగమయ్యే విభజనను) తప్పించి, స్త్రీబీజకణంలో బేబీబూమ్1 జన్యువును పనిచేయించి తల్లిలాంటి గింజలు తీసింది 2019లో వరిలోనే.