డీజే వృత్తిలోకి వచ్చేవారి తొలి కంట్రోలర్: డీడీజే-ఎఫ్ఎల్ఎక్స్4

డీజే కావాలనుకునేవారు మొదట ఏ పరికరం కొనాలని అడిగితే, పయనీర్ డీజే వారి డీడీజే-ఎఫ్ఎల్ఎక్స్4 పేరే చెబుతాను. 2018 నాటి డీడీజే-400 తరువాత వచ్చిన ఈ రెండు ఛానెళ్ల కంట్రోలర్ (ల్యాప్‌టాప్‌లోని రెండు పాటలను చేత్తో నడుపుతూ కలిపే పరికరం) బరువు 2.1 కిలోలు; ల్యాప్‌టాప్ నుంచే విద్యుత్తు తీసుకుంటుంది; రెకార్డ్‌బాక్స్, సెరాటో డీజే లైట్ అనే రెండు డీజే సాఫ్ట్‌వేర్లతోనూ పనిచేస్తుంది.

దీని మీటల అమరిక క్లబ్బుల్లో పాటలు వాయించే సీడీజే ప్లేయర్లను, వాటిని కలిపే డీజేఎం మిక్సర్లను అనుసరించి ఉండడం నాకు అన్నిటికన్నా నచ్చింది. పైగా రెకార్డ్‌బాక్స్‌లో క్యూ పాయింట్లు (పాటలో ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో తెలిపే గుర్తులు) పెట్టుకుని సిద్ధం చేసిన పాటలను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకుంటే, వాటినే సీడీజేల మీద వాయించవచ్చు.

ఫేడర్ జరపగానే శబ్దాన్ని, బేస్‌ను, బీపీఎంను (నిమిషానికి పడే దెబ్బల సంఖ్యను) తానే సర్దే స్మార్ట్ ఫేడర్‌ను మాత్రం తొలి నెలల్లో ఆపి ఉంచడం మంచిది. మన బరాత్‌లలో రెండు పాటల వేగాన్ని తానే కలిపే సింక్ బటన్‌ను నమ్ముకుంటే ఇబ్బంది తప్పదు. తీన్మార్ 6/8 నడకలో సాగుతుంది. సాఫ్ట్‌వేర్ దాన్ని నాలుగు దెబ్బల లెక్కలో చూసి బీపీఎంను తప్పుగా చూపే అవకాశం ఉంది. వాద్యబృందం కలిసి వాయించిన పాత సినిమా పాటల్లోనైతే లయ పాట మధ్యలోనే కాస్త పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. అలాంటప్పుడు హెడ్‌ఫోన్‌ను ఒక చెవికి ఆనించుకుని, పాట వేగాన్ని మార్చే టెంపో స్లైడర్‌ను వెంట్రుకవాసి జరుపుతూ, పళ్లెంలా గుండ్రంగా ఉండే జాగ్ వీల్ అంచును వేలితో ముందుకో వెనక్కో తోస్తూ, రెండు పాటల దెబ్బ ఒక్కటిగా వినిపించేదాకా సరిచేసుకోవడం చేతికి రావాలి. ఈ సాధనకు దీని జాగ్ వీల్ చక్కగా సరిపోతుంది.

పెద్ద లోపం ఒకటే: స్పీకర్లకు శబ్దం పంపే మాస్టర్ అవుట్‌పుట్‌కు మామూలు ఆర్‌సీఏ సాకెట్లు తప్ప, పొడవాటి కేబుళ్లకు అనువైన ఎక్స్ఎల్ఆర్ సాకెట్లు లేవు. ఫంక్షన్ హాల్లో పొడవాటి కేబుల్ లాగితే హమ్ (గుయ్‌మనే రొద) చేరవచ్చు కనుక, సౌండ్ వాళ్ల మిక్సర్ పక్కనే కూర్చోవడం లేదా సిగ్నల్‌ను పొడవాటి కేబుల్‌కు తగినట్టు మార్చే డీఐ బాక్స్ వెంట ఉంచుకోవడం మేలు.

పరికరం కొన్నంత మాత్రాన పిలుపులు రావు. సంగీత్‌లకు, రిసెప్షన్లకు వెళ్లే సౌండ్ బృందంతో కొన్నాళ్లు తిరిగి, కేబుళ్లు కలపడం మొదలుకొని భోజనాల వేళ ఏ పాటలు వేయాలన్నదాకా దగ్గరుండి చూసి నేర్చుకోవాలి. గంట నిడివి మిక్స్‌ను దీని మీదే రికార్డు చేసి ఈవెంట్ మేనేజర్లకు వినిపించండి. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం బహిరంగ ప్రదేశాల్లో సాధారణంగా రాత్రి 10 దాటితే లౌడ్‌స్పీకర్లు వాడకూడదు కాబట్టి, పోలీసు అనుమతి ఎవరు తేవాలో అడ్వాన్సు తీసుకునే ముందే తేల్చుకోండి. నాలుగు ఛానెళ్ల కంట్రోలర్ సంగతి సంపాదన మొదలయ్యాక చూసుకోవచ్చు.