టైమ్‌కీపర్ ర్యామ్ ఒక్కటే చాలా, ఆర్‌టీసీ వేరుగా పెట్టాలా: ఏది మేలు?

కొత్త ఎలక్ట్రానిక్ బోర్డు మొదలుపెట్టేవాళ్లు నన్ను మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్న ఇది. కరెంటు పోయినా సెట్టింగులు, టైమ్ రెండూ నిలవాలంటే మెమరీ, గడియారం, బ్యాటరీ అన్నీ ఒకేదాంట్లో ఉండే టైమ్‌కీపర్ ర్యామ్ వేయాలా, మెమరీకి ఒక చిప్, గడియారానికి ఇంకొకటి (ఆర్‌టీసీ, అంటే టైమ్ లెక్కపెట్టే చిప్) వేయాలా?

ఎం48టీ08 లాంటి టైమ్‌కీపర్ చిప్ వాడినవాళ్లకు ఆ సుఖం తెలుసు. మామూలు ర్యామ్‌లాగే చదవొచ్చు, రాయొచ్చు. చివరి ఎనిమిది బైట్లలో టైమ్, తేదీ ఉంటాయి. వోల్టేజీ పడిపోగానే రాతలు ఆపేసి, లోపలున్న లిథియం బ్యాటరీ మీదకు మారిపోతుంది. ఎన్నిసార్లు రాసినా అరగదు.

నా దృష్టిలో తేల్చాల్సింది ఒక్కటే: బ్యాటరీ అయిపోయిన రోజు ఏం పోతుంది? టైమ్ పోతే చేతి గడియారం చూసి మళ్లీ పెట్టుకోవచ్చు. డేటా పోతే ఎక్కడ చూసి పెడతాం? సన్ కంపెనీ పాత స్పార్క్‌స్టేషన్ కంప్యూటర్లలో హోస్ట్ ఐడీ (మెషిన్ గుర్తింపు సంఖ్య), ఈథర్‌నెట్ అడ్రస్ ఈ రకం చిప్‌లోనే ఉండేవి. బ్యాటరీ చచ్చాక మెషిన్‌కు తానెవరో తెలిసేది కాదు. నా దగ్గరికి రిపేరుకు వచ్చిన ఒక కంట్రోలర్‌దీ అదే కథ. మాడ్యూల్‌ను నేరుగా బోర్డుకే సోల్డర్ చేశారు, పారామీటర్లు ఎక్కడా రాసి పెట్టలేదు. కొత్త చిప్ వేయడానికి ఒక పూట పట్టింది. ఆ విలువలను ఒక్కొక్కటే ప్రయత్నించి రాబట్టడానికి వారాలు పట్టింది.

అందుకే నా ఓటు మెమరీకి ఎఫ్‌ర్యామ్, గడియారానికి డీఎస్3231 అనే ఆర్‌టీసీ, ఈ జంటకు. ఎఫ్‌ర్యామ్‌కు బ్యాటరీతో పనే లేదు, చాలా రకాలు లక్ష కోట్ల రాతలకు పైగా తట్టుకుంటాయి. డీఎస్3231 కాయిన్ సెల్‌తో నడుస్తుంది. సెల్ అయిపోతే పోయేది టైమ్ మాత్రమే. పైగా వేడికి, చలికి తగ్గట్టు తనే సర్దుకుంటుంది. మామూలు వాతావరణంలో తేడా 2 పీపీఎం (పది లక్షల్లో రెండు వంతులు) లోపే, అంటే ఏడాదికి నిమిషం అటూ ఇటూ. 20 పీపీఎం క్రిస్టల్‌తో నడిచే గడియారం నెలకే దాదాపు 50 సెకన్లు తప్పొచ్చు.

సెట్టింగులు ఎప్పుడో ఒకసారి మారేవైతే ఎఫ్‌ర్యామ్ బదులు ఈఈప్రామ్ చాలు; దానికీ బ్యాటరీ అక్కర్లేదు, రాతలకే పరిమితి ఉంటుంది. గడియారానికి కాయిన్ సెల్ బదులు సూపర్ కెపాసిటర్ పెడితే కొద్ది రోజుల కరెంటు కోతకు సరిపోతుంది. డీఎస్1307 అనే ఆర్‌టీసీలో డేటాకూ కాస్త చోటుంది కానీ, అది 56 బైట్లే.

టైమ్‌కీపర్ తీసేయలేని పాత బోర్డులూ ఉంటాయి. వాటిలో కొత్త మాడ్యూల్ వేసేటప్పుడు సాకెట్ పెట్టండి. పైన టోపీలా ఊడదీసి బ్యాటరీ మార్చుకునే స్నాప్‌హ్యాట్ రకం బోర్డులో పడితే ఇంకా నయం. చిప్ ఇంకా బతికుండగానే లోపలి బైట్లన్నీ చదివి ఫైల్‌గా దాచుకోండి. పదేళ్లు దాటిన మాడ్యూల్ అయితే ఆ పని ఈ వారమే చేయండి.